పట్టుకున్న చోటే వదలవలెను

గూడబాతుల ఉత్సవానికి మంత్రిగారు వస్తున్న సందర్భంగా, చేపలగూడెం పట్టణంలో వీధికుక్కలు లేవని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానమైన తరువాత కూడా కుక్కలు యథాప్రకారం తిరుగుతూ ఉండడంతో, వాటికి విషయం తెలియజేసే బాధ్యతను జంతు సంక్షేమాధికారి జయకృష్ణకు అప్పగించారు.

జయకృష్ణ మెత్తని మనిషి. పశువైద్యం చదువుకుని, ఏలూరులో పోస్టు కోసం చూసి చూసి, చివరికి ఈ కొల్లేటి ఒడ్డు ఊళ్లో పడ్డాడు. కుక్కను వలలో వేసేటప్పుడు కూడా "రామ్మా, ఏం కాదు" అని బతిమాలేవాడు. పట్టిన కుక్కలను ఉంచడానికి వేరే చోటు లేక కల్యాణమండపంలో పెట్టారు. అప్పటికే ముహూర్తం పెట్టుకున్న పెళ్లివారిని సర్దుకోమన్నారు. వాళ్లు సర్దుకున్నారు. సర్దుకోవడంలో మనవాళ్లను మించినవాళ్లు లేరు.

బస్టాండు ఎదుట పెసరట్ల బండి పెట్టుకునే యేసుమణిని అంటిపెట్టుకుని చిన్ని అనే ఎర్రకుక్క ఉండేది. దాని మీద వల పడగానే ఆవిడ అట్లకాడతో అడ్డం వచ్చింది.

"దాన్నెక్కడికి తీసుకుపోతున్నారండీ బాబూ? అది ఎవర్నీ కరవదండి."

"ఆపరేషను చేసి, టీకా వేసి తెచ్చేస్తామమ్మా. పట్టుకున్న చోటే వదలాలని రూలుంది."

"తప్పకుండా తెస్తారా అండీ?"

"చట్టమమ్మా!" అన్నాడు జయకృష్ణ కాస్త గర్వంగా.

మర్నాడు కమిషనర్ గోపీనాథ్ గారు మంత్రిగారు వచ్చే దారి తనిఖీ చేశారు. కుక్కలు లేకపోయేసరికి మనుషులు మరీ కొట్టొచ్చినట్టు కనబడ్డారట. వెంటనే అదే వ్యాను, అదే సిబ్బంది మళ్లీ బయలుదేరారు. మనుషులకు వల వాడడం మర్యాద కాదని కమిషనర్ గారు ముందే హెచ్చరించారు. ఆ మర్యాదతోనే తోపుడుబళ్లవాళ్లను ఎక్కించి, ఊరి బయట చేపల చెరువు గట్టున దింపేశారు. బళ్లు మునిసిపల్ గోడౌనుకు చేరాయి. ముందుసీట్లో కూర్చున్న జయకృష్ణ దారి పొడవునా రోడ్డునే చూశాడు. వెనక యేసుమణి ఉందని తెలుసు.

మంత్రిగారు వచ్చి, అద్భుతంగా మాట్లాడారు. "మూగజీవాల మీద కరుణ చూపే ఊరే నాగరికమైన ఊరు! ఎక్కడెక్కడి పక్షులో వచ్చి ఇక్కడ గూళ్లు కట్టుకుంటున్నాయంటే, వచ్చినవారిని ఆదరించే గుణం కొల్లేటి నీళ్లలోనే ఉందని అర్థం!" సభ చప్పట్లతో దద్దరిల్లింది. ఆ శబ్దానికి గూడబాతులు లేచిపోయాయి.

ఉత్సవం ముగిశాక కుక్కలు టీకాలతో, చెవి కొసన గుర్తులతో, కొంచెం ఒళ్లు చేసి, ఎవరి వీధికి వాళ్లన్నట్టు తిరిగొచ్చాయి. చిన్నిని దింపడానికి జయకృష్ణ స్వయంగా వెళ్లాడు. బండి ఉన్న చోట ఇనుప కంచె, పూలకుండీలు ఉన్నాయి. పక్కనే యేసుమణి నిలబడి ఉంది.

"దీన్ని మాట ప్రకారం తెచ్చారు. సంతోషమండి," అంది కుక్క తల నిమురుతూ. "మరి నన్నూ ఇక్కడే కదండీ పట్టుకున్నారు?"

జయకృష్ణ ఆఫీసుకెళ్లి నిబంధనలన్నీ తిరగేశాడు. మనిషిని తొలగించడానికి బోలెడు సెక్షన్లున్నాయి గాని, ఎక్కడ వదలాలో ఒక్కచోటా లేదు. కాని కుక్కల అధ్యాయంలో, వీధికుక్కలకు తిండి పెట్టే స్థలాన్ని పురపాలక సంఘమే కేటాయించాలని ఉంది. అది పట్టుకుని కమిషనర్ గారి గదిలోకి వెళ్లాడు.

"బస్టాండు ఎదుట కుక్కలకో స్థలం కావాలండి. తిండి పెట్టడానికో మనిషీ, వండడానికో బండీ కావాలండి."

"కుక్కల కోసమేనా?"

"కుక్కల కోసమేనండి."

"అలా చెప్పండి మరి! మనిషి పెట్టుకుంటే ఆక్రమణ అవుతుంది గాని, కుక్కలకైతే సేవే కదండీ," అని కమిషనర్ గారు సంతకం చేసేశారు.

కంచె తీసేశారు. యేసుమణి బండి తిరిగొచ్చింది. దాని నెత్తిన పురపాలక సంఘంవారి బోర్డు వెలిసింది: "ఇచ్చట వీధికుక్కలకు మాత్రమే ఆహారం పెట్టబడును."

ఇప్పుడు పొద్దున్నే ఆ బోర్డు కింద ఆఫీసర్లు, లాయర్లు, లెక్చరర్లు ప్లేట్లు పట్టుకుని నిలబడుతున్నారు. ఇంతవరకు ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. అల్లం పచ్చడి బాగుంటుంది. మీరూ వెళ్లండి, కాకపోతే కాస్త పెందరాళే వెళ్లండి. రూలు ప్రకారం ముందు కుక్కలకు పెట్టాకే మనకు.