సూజిన్ కోసం ప్రార్థన

ఆ శనివారం సత్యానందం పెట్టుకున్న పని ఒక్కటే: పొద్దున్నే కొరియా సినిమా చూసి ఏడవడం.

పరీక్ష పెట్టింది ఫెబీ. తొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి పోయి నాలుగేళ్ళు. అమెరికాలోని షామ్‌బర్గ్ తెలుగు చర్చిలో నలభై ఆరేళ్ళ బ్రహ్మచారి సత్యానందం పెళ్ళి మాట ఎత్తితే వాళ్ళమ్మ దెబోరా, "నాకిష్టమేనండీ. ఫెబీ ఊ అనాలి" అంది. ఫెబీ ఊ అనలేదు. "ఈ మూవీ చూడండి అంకుల్. ఏడిస్తే పాస్. లేకపోతే డాడీ జాబ్ మీకు రాదు" అంది.

సినిమాలో చేపల మార్కెట్లో కత్తి తిప్పే మొరటు మనిషొకడు. ఎవరో వాడి తట్ట పక్కన సూజిన్ అనే పిల్లను వదిలేసి పోతారు. సగం సినిమాకి పిల్లకు జ్వరం తగిలింది. సత్యానందం కళ్ళద్దాలు మసకబారాయి. మనసు కలుక్కుమంటే చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అతనికి ఏళ్ళనాటి అలవాటు. వేళ్ళు వాటంతటవే కదిలాయి: "సూజిన్ పాపకు జ్వరం. తొమ్మిదేళ్ళు. తండ్రి ఎవరో తెలీదు. ప్రార్థించండి."

పంపాక గుర్తొచ్చింది, అది సినిమా పిల్లని. చెప్పేద్దామంటే, కిందటి ఆదివారమే సంఘపెద్ద రవికుమార్ 'సినిమాల వల్ల కీడు' మీద గంటసేపు ప్రసంగించాడు. తీసేద్దామంటే అప్పటికే పదకొండు ఆమేన్‌లు పడ్డాయి. "పాప ఎక్కడ?" అని ఎవరో అడిగితే, అబద్ధమాడటం ఇష్టంలేక "కొరియాలో" అని రాశాడు.

పదేళ్ళ క్రితం సత్యానందం ఆఫీసు పని మీద కొరియా వెళ్ళొచ్చిన సంగతి ఎవరికో తట్టింది. పదిలోంచి తొమ్మిది తీసేయడం అందరికీ వచ్చు.

గంటలో ఆ గ్రూపులోని నమ్రత పులిహోర గిన్నెతో, పిల్ల గౌనుతో దిగింది. చర్చివాడే ఎవాన్, పిల్ల వస్తే పడుకోవడానికని తన కూతురి మంచం కారు మీద కట్టుకొచ్చాడు. రవికుమార్ వచ్చి సత్యానందం భుజం మీద చెయ్యేశాడు.

"ఒప్పుకుంటే తేలికైపోతావు తమ్ముడూ."

"ఆ పిల్ల నా పిల్ల కాదండీ!"

"అందరూ మొదట అలాగే అంటారు. మరి కళ్ళెందుకు వాచాయి?"

ఫోను మోగింది. దెబోరా మెసేజ్: "రేపు భోజనానికి రావద్దు." పరువు పోతే పోయిందని సత్యానందం, "అది సినిమా అయ్యా, సినిమా!" అని అరిచాడు.

"కన్నబిడ్డను సినిమా అంటావా!" అంది నమ్రత.

అప్పుడే తలుపు తోసుకుని దెబోరా వచ్చింది, మొహం మీదే అడిగేద్దామని. వెనక ఫెబీ. ఆ పిల్ల ఎవర్నీ చూడలేదు. టీవీలో ఆగిపోయిన బొమ్మనే చూసింది, నుదుట తడిగుడ్డతో పడుకున్న సూజిన్‌ని.

"అంకుల్! ఫీవర్ సీన్‌కే ఏడ్చారా? అసలు ఏడుపు సెకండ్ హాఫ్‌లో!"

అందరూ టీవీ వైపు తిరిగారు. ముందుగా దెబోరాకే నవ్వొచ్చింది. ఆపడం ఎవరి తరమూ కాలేదు.

తెచ్చిన పులిహోర తెచ్చినవాళ్ళకే వడ్డించి, సినిమా మిగతా సగం అందరూ కూర్చుని చూశారు. "నేను చూడను" అంటూ రవికుమార్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. కాసేపటికి మంచం అంచున కూర్చున్నాడు. చేపల మనిషి పిల్లకు జడ వేసేటప్పటికి నమ్రత తెచ్చిన గౌనుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఎవాన్ మంచం ఎత్తబోతే ఫెబీ అడ్డం వచ్చింది. అందులో పడుకుని కాళ్ళు చాపి చూసుకుంది.

"ఇక్కడే ఉంచండి అంకుల్. నాకు ఫిట్ అవుతుంది."

సత్యానందం మళ్ళీ ఏడ్చాడు. ఈసారి మార్కులు ఎవరూ వెయ్యలేదు.

మర్నాడు చర్చిలో 'సినిమాల వల్ల కీడు' రెండో భాగం ఉండాల్సింది. రవికుమార్ గొంతు బొంగురుపోయి వాయిదా పడింది.