ఇటలీ తీర్థం

చిక్కబళ్ళాపుర జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది, ఒక శుక్రవారం పొద్దున అంజినప్ప వేసుకున్న పథకం నిజానికి చాలా చిన్నది. పదకొండింటికి వైన్ కంపెనీ ఆఫీసరు భార్గవ వస్తాడు. ద్రాక్ష రైతుల సంఘం అధ్యక్షుడు గోవిందప్ప చేత ఒప్పందం మీద సంతకం పెట్టించాలి. అది పడకపోతే అంజినప్ప నాలుగెకరాల ద్రాక్షా తీగ మీదే కుళ్ళిపోతుంది. చిక్కేమిటంటే, తాగుడు పేరెత్తితేనే గోవిందప్ప మండిపడతాడు. "సారాయోళ్ళకి నా సంతకమా? నేను పోయినాక ఏలిముద్ర ఏసుకోపోండి!" అని ఇదివరకే చెప్పేశాడు.

భార్గవ ముందుగానే ఒక ఇటలీ సీసా పంపాడు. "దీన్ని ప్రొసెక్కో అంటారు, బుడగలొచ్చే వైన్. ఇట్లాంటిదే మీ ద్రాక్షతో చేద్దామని మా ఆశ. చల్లగా పెట్టండి, కుదపద్దండి, మూతకుండే తీగ నేనొచ్చేదాకా తీయద్దండి" అని ఫోన్లో మూడుసార్లు చెప్పాడు. అంజినప్ప దాన్ని ఆ పొద్దున్నే బస్టాండు నుంచి మోపెడ్ మీద, గుంతల దారిలో ఆరు మైళ్ళు తెచ్చాడు. కుదపడమంటే చేత్తో ఊపడమేనని మహానుభావుడి నమ్మకం. పైగా భార్య అక్కయమ్మతో, "ఇటలీ ద్రాక్ష రసంలే" అన్నాడు. అక్కడే కొంప మునిగింది.

ఆ ఇంట్లో ద్రాక్షకు సంబంధించింది ఏదైనా సరే, ముందు దేవుడికి పెట్టాలి. మొగుడు గోవిందప్పను పిలవడానికి వెళ్ళగానే అక్కయమ్మ సీసాకు పసుపు రాసి, బొట్టు పెట్టింది. పూలు చుట్టబోతే తీగ గుచ్చుకుంది. విప్పి పారేసింది. హారతి తిప్పుతుండగా ఢామ్మని మూత ఎగిరి ట్యూబులైటు పగిలింది. నురగంతా ఆమె నెత్తిన పడింది.

"అయ్యో, దేవుడు పలికినాడే!" అని ఆమె పెట్టిన కేకకు వీధంతా పరుగెత్తుకొచ్చింది. దేవుడి ముందు బొట్టు పెట్టిన సీసా కనబడితే ఎవరైనా ఏం చేస్తారు? చేతులు చాచారు. అక్కయమ్మ ఉద్ధరిణితో తలా కాస్త పోసింది.

సరిగ్గా అప్పుడే గోవిందప్పతో అంజినప్ప గడప తొక్కాడు. ఆపితే గుట్టు బయటపడుతుంది, ఆపకపోతే అధ్యక్షుడి నోట్లోకే పోతుంది. ఏదీ తేల్చుకోకముందే గోవిందప్ప కండువా నడుముకు చుట్టి, మూడుసార్లు పుచ్చుకుని, చెయ్యి తలకు రాసుకున్నాడు.

"ఏం తీర్థమమ్మా ఇది? నాలిక మీద చిటపటలాడతాండాది! పచ్చి ఆపిల్ వాసన కూడా ఉండాది. ఇంకొంచెం పొయ్యి."

"ఇటలీదంటప్పా" అంది అక్కయమ్మ మురిసిపోతూ. ఆ తర్వాత ఆయన గ్లాసే అందుకున్నాడు.

ఇంతలో భార్గవ వచ్చి ఖాళీ సీసా చూశాడు. "అయ్యయ్యో! వైనంతా తాగేసినారా?"

అంజినప్ప గోవిందప్ప కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపోయిందప్పా! చెప్పేదానికి నోరు రాలేదు."

గోవిందప్ప ముఖం నల్లబడింది. చుట్టూ చూశాడు. ఆయన గ్లాసు ఎత్తడం వీధి వీధంతా కళ్ళారా చూసింది. పాపం, ఎక్కడికని పోతాడు? గొంతు సవరించుకున్నాడు.

"ఎవడప్పా దీన్ని సారాయనేది? దేవుని ముందర పెట్టినాక తీర్థమే! యాడ పెట్టాల సంతకం?"

పెట్టాడు, ఒక్క షరతు మీద. కంపెనీ తయారుచేసే ప్రతి రకం సీసా మొదట అక్కయమ్మ పూజగదికి రావాలి, ఆ సమయానికి సంఘం అధ్యక్షుడు తప్పనిసరిగా హాజరుండాలి.

భార్గవ దాన్ని 'నాణ్యతా పరీక్ష' అన్న శీర్షిక కింద రాసుకున్నాడు.