హస్తవాసి మంచిదట!

ఆ ఆదివారం పొద్దున సెలూన్ తెరవకూడదని అతను ముందే తీర్మానించుకున్నాడు. పదకొండు గంటలకు టౌన్‌హాల్లో హెయిర్ కటింగ్ పోటీ. దానికోసం బావమరిది చేత నెలల తరబడి జుట్టు పెంచించాడు. ఆ జుట్టుకు నూనె రాసిందీ, చిక్కు తీసిందీ, వాడు నిద్రలో నలిపేసుకోకుండా రోజూ పట్టుగుడ్డ చుట్టిందీ అతనే. ఇక మిగిలిన పనల్లా కాఫీ తాగి, బస్సెక్కి, వెళ్లి కత్తిరించడమే.

అతని అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. అందరూ లక్కీ అంటారు. అతని దగ్గర జుట్టు కత్తిరించుకుని వెళ్లినవాడికి ఉద్యోగం వచ్చింది, ఇంకొకడి ప్రేమకు ఆ పిల్ల సరేనంది, మరొకాయన కోర్టులో గెలిచాడు. అంతే, "మీ హస్తవాసి మంచిదండీ!" అని జనం ఎగబడ్డారు. ఇన్నేళ్లలో ఒక్కడైనా అద్దంలో చూసుకుని "కటింగు బాగుంది" అన్న పాపాన పోలేదు. నడుం పడిపోయేలా కష్టపడేది అతను, పేరేమో అదృష్టానికి! తలచుకుంటేనే అతనికి ఒళ్లు మండిపోయేది. మనమూ లక్కీ అనే అందాం, అతనికి వినపడకుండా.

పోటీకి జడ్జి ఒక పెద్దావిడ. ఊళ్లో సగంమందికి కత్తెర పట్టుకోవడం నేర్పిన మనిషి. ఎవరినీ మెచ్చుకుని ఎరగదు. ఆవిడ నోట "నీకు పని వచ్చు" అనిపించుకుంటే చాలు, కప్పూ వద్దు, కిరీటమూ వద్దు అనుకున్నాడు లక్కీ.

"మీకెందుకండీ కంగారు? మీ అదృష్టం ముందు ఎవరు నిలబడతారు?" అంది భార్య కాఫీ ఇస్తూ. "నేను వెనకాలే వస్తాను, మీరు నడవండి."

"అదృష్టం కాదు, పని!"

"అదే లెండి."

తలుపు తీసేసరికి పైఅంతస్తు కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "రేపు ఇంటర్వ్యూ బాబాయ్. ఒక్క వెంట్రుక చాలు." పోనీలే అని లక్కీ కత్తెర తగిలించాడు. చేసిన పొరపాటు అదే. ఆ కుర్రాడి వెనక వాళ్లమ్మ, ఆవిడ వెనక మెట్ల నిండా జనం. ఒక బట్టతల పెద్దాయన అందరినీ తోసుకుంటూ వచ్చాడు. "నాకు జుట్టు లేదు గానీ, ఊరికే గాల్లో ఆడించు బాబూ. సోమవారం అప్పీలు ఉంది."

లక్కీ బావమరిది చెయ్యి పట్టుకుని పెరటి దారిన ఉడాయించి బస్సెక్కాడు. హమ్మయ్య అని సీటుకు జారబడ్డాడో లేదో, కండక్టరు ఎగాదిగా చూసి కేకేశాడు. "లక్కీగారు! మా తమ్ముడికి ఉద్యోగం వచ్చింది మీ చలవే!" బస్సంతా ఇటు తిరిగింది. తలలు వంగాయి. డ్రైవరైతే బస్సును పక్కకు ఆపేసి, టోపీ తీసి మరీ వచ్చాడు. పోటీకి టైమైపోతోంది. లక్కీకి తిక్క రేగింది.

"మహాప్రభో, అదృష్టం నాది కాదు!" అని అరిచాడు. "వీడిది! నేను పని నేర్చుకున్నది వీడి తల మీదే. ఉన్న మహిమంతా ఆ జుట్టులోనే ఉంది. నన్నొదిలెయ్యండి!"

నిజానికి లక్కీ చేతి కటింగుతో వెళ్లినా ఉద్యోగం రాని మనిషి ఊరు మొత్తానికి ఆ బావమరిది ఒక్కడే. ఇంట్లోవాళ్లకు హస్తవాసి పనిచెయ్యదులే అని వీధి సర్దిచెప్పుకుంది. అలాంటివాణ్ణి బస్సంతా కళ్లార్పకుండా చూసింది. వాడు పొంగిపోయాడు. సీటెక్కి నిలబడి, "తోసుకోకండి! తలా ఒక పాయ!" అని పంపకం మొదలెట్టాడు. ఒక టీచరమ్మ లక్కీ సంచిలోంచే కత్తెర తీసింది. లక్కీ అడ్డంపడబోతే, "మీకేం, అంత మహిమ ఇంట్లోనే ఉంది మీకు" అని కండక్టరు అతని నడుం పట్టుకుని ఆపేశాడు.

టౌన్‌హాలు దగ్గర దిగేసరికి బావమరిదికి ఎడమ చెవి మీద గుండు, కుడి పక్క అడవి, వెనక ఎలుకలు కొరికిన చాప. లక్కీకి ఏడుపొక్కటే తక్కువ. కొట్టడానికి చెయ్యెత్తాడు కూడా. కానీ వాడి కళ్లలో నీళ్లున్నాయి.

"నన్ను అదృష్టవంతుడన్నారు బావా! నన్ను!"

లక్కీ చెయ్యి దించేశాడు. "అలా అనిపించుకుంటే ఎలా ఉందిరా?"

"బ్రహ్మాండంగా ఉంది బావా. మనం ఏమీ చెయ్యక్కర్లేదు."

"అదేరా నా ఏడుపు!"

హాల్లో మిగతా తలలన్నీ నిగనిగలాడుతున్నాయి. బావమరిది తల చూసి ముందు వరస పకపకా నవ్వింది. లక్కీ పళ్లు బిగించి పని మొదలెట్టాడు. గుండు ఉన్నచోట దాన్నే అంచు చేసుకున్నాడు. అక్కణ్ణుంచి వేలిమందం, ఆపైన రెండువేళ్ల మందం పెంచుకుంటూ, నడినెత్తి మీది జుట్టును కుడికి వాల్చాడు. కొరికిన చోటల్లా మెట్టుమెట్టుగా కలిపాడు. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకోలేదు. చివరికి ఆ తల కావాలనే అలా కత్తిరించినట్టు తయారైంది. ముందు వరసలో నవ్వు ఎప్పుడాగిపోయిందో అతనికి తెలియనే లేదు.

జడ్జి వచ్చి వాడి తలను అటూ ఇటూ తిప్పింది. "ఈ తలను ఇంతలా పాడుచేసిందెవరు?"

"అదృష్టం కావాలన్నవాళ్లండీ."

"దీన్ని ఇలా నిలబెట్టావంటే, నీకు పని వచ్చునయ్యా."

లక్కీ ముందుకు వంగాడు. "ఇంకోసారి అంటారా అమ్మా?"

"చెవుడా?" అని ఆవిడ ముందుకు వెళ్లిపోయింది.

అంతటితో అయిపోతే బాగుండేది. లక్కీకీ, ఒక బ్యూటీపార్లర్ అమ్మాయికీ మార్కులు సమానంగా వచ్చాయి. చీటీ తీస్తామన్నారు. వెనక వరసలోంచి లక్కీ భార్య చప్పట్లు కొట్టింది. "చీటీ అంటే ఇంకేముంది, మావారిదే! పుట్టు అదృష్టవంతుడు!"

లక్కీ తల పట్టుకున్నాడు. చీటీ తనకొస్తే రేపు వీధంతా ఏమంటుంది? లాటరీలో కొట్టేశాడంటుంది. జడ్జి అన్న మాట ఎవరిక్కావాలి? 'దేవుడా, ఈ ఒక్కసారికి నన్ను దురదృష్టవంతుణ్ణి చెయ్యి' అని కళ్లు మూసుకున్నాడు.

చీటీ బ్యూటీపార్లర్ అమ్మాయికి వచ్చింది.

"ఓడిపోయాను!" లక్కీ ఎగిరి గంతేశాడు. "చీటీలో ఓడిపోయానర్రా! నాకు అదృష్టం లేదు, పని వచ్చు!" బావమరిదిని ఎత్తి గిరగిరా తిప్పాడు. గెలిచిన అమ్మాయి చేతులు పట్టుకుని ఊపేశాడు. పాపం, మతి చలించిందేమోనని ఎవరో మంచినీళ్లు పట్టుకొచ్చారు. అవీ తాగేసి మళ్లీ గంతేశాడు.

గెలిచిన అమ్మాయి తల్లి ఇదంతా నోరు తెరుచుకుని చూసి, లక్కీ భార్య పక్కకు చేరింది. "మా ఆయనైతే ఈపాటికి కుర్చీలు విరగ్గొట్టేవాడు. ఓడిపోయినా ఇంత సరదాగా ఉండే మొగుడు దొరికాడు, మీరెంత అదృష్టవంతులమ్మా!"

లక్కీ భార్య మొహంలో నవ్వు మాయమైంది.

"అదృష్టమా? పన్నెండేళ్లు తల బాదుకుంటే ఇలా తయారయ్యాడండీ!"