నిల్‌స్టాకు గారు గడ్డి తిన్న వైనం

పంపులు తయారుచేసే కంపెనీలో స్టోర్‌కీపరు ఆయన. ఎవరు ఏది అడగడానికి వెళ్ళినా తల ఎత్తకుండానే "నిల్ స్టాక్" అంటాడు. అనీ అనీ చివరికి అదే ఆయన పేరైపోయింది. ఒకసారి జీతాల సెక్షన్ వాళ్ళు అసలు పేరు గుర్తురాక ఆ పేరుతోనే పిలిచారు. ఆయన పలికాడు కూడా.

సరుకు పోగేయడం అంటే ఆయనకి ఒళ్ళుమంట. "అవసరం పడినప్పుడు తెప్పించుకోవాలి. ముందే తెచ్చి గుట్టలు వేసుకునేవాడికి బుర్ర లేనట్టే" అని కొత్తగా చేరినవాళ్ళని నిలబెట్టి మరీ చెప్తాడు. ఇంట్లోనూ అదే సిద్ధాంతం. అందుకే ఒళ్ళంతా తడుపుకున్నాక "సబ్బేదీ?" అని బాత్‌రూములోంచి కేకలు వినపడే ఇల్లు ఆ వీధిలో అదొక్కటే.

అలాంటి మనిషి ఫోనులో వ్యవసాయం మొదలుపెట్టాడు.

ఆ ఆటని ఇంట్లోకి తెచ్చింది ఆయన భార్య. ముందు గదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది ఆవిడ. పని అయ్యాక సాయంత్రం కాసేపు ఆడుకుంటుంది. మధ్యాహ్నం ఆవిడ మిషన్ మీద ఉన్నప్పుడు అత్తగారు ఆడతారు. ఇద్దరికీ ఒకే టాబ్లెట్, ఒకే పొలం. అంతకుముందు ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాటామాటా అనుకునే అత్తాకోడళ్ళు ఇప్పుడు దూడకి జలుబు చేసిందని ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారు. ఇది చూసి ముచ్చటపడి నిల్‌స్టాకు గారు కూడా వాళ్ళ కంచె పక్కనే తన ఫోనులో ఓ పొలం తీసుకున్నాడు.

ఆ ఆటలో ఒక కిటుకుంది. గడ్డి కోసుకోవచ్చు గానీ, దాచడానికి ఎత్తుగా, గుండ్రంగా ఒక కొట్టు కట్టుకోవాలి. ఆట చేసినవాళ్ళు దానికి సైలో అని ఏదో పేరు పెట్టారు. అత్తగారు చూసి "బురుజులా ఉందే" అన్నారు. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో అది బురుజే. బురుజు లేకపోతే కోసిన గడ్డి కోసినట్టే మాయమైపోతుంది. ఆటలో చలికాలం వచ్చిందా, నేల మీద పరక కూడా మిగలదు. బురుజులో దాచిందే పశువులకి మేత.

అత్తాకోడళ్ళు బురుజు కట్టి, అంచుదాకా నింపుకున్నారు. నిల్‌స్టాకు గారు ఆవుల కొట్టం ముందు ఫౌంటెన్ కట్టుకున్నాడు.

"బురుజు కట్టుకోండి. చలికాలం వచ్చేస్తోంది" అంది భార్య.

"స్టోర్స్ గురించి నువ్వా నాకు చెప్పేది?"

"స్టోర్స్ గురించి కాదు. గడ్డి గురించి చెప్తున్నాను."

"గడ్డి కూడా స్టాకే. స్టాకు పోగేయడం నా ఇంటా వంటా లేదు."

"ఆ సంగతి నాకు తెలీదా! పెళ్ళిచూపులప్పుడు అబ్బాయికి తెలివితేటలు చాలా ఉన్నాయన్నారు. వచ్చి చూసుకుంటే నిల్."

అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ, "ఊరుకోవే, వాడికీ ఉంటుంది ఎక్కడో. అవసరం పడితే తెప్పించుకుంటాడు" అన్నారు. కొడుకుని వెనకేసుకొచ్చినట్టో వెక్కిరించినట్టో ఆయనకి అర్థం కాలేదు.

చలికాలం రానే వచ్చింది. బయట ఎండలకి రోడ్డు మీద తారు కరుగుతుంటే ఫోనులో మంచు కురిసింది. నిల్‌స్టాకు గారికి మూడు ఆవులు. పేర్లు బోల్టు, నట్టు, వాషరు. మూడూ ఫౌంటెన్ చుట్టూ నిలబడి ఆయన వైపే చూడసాగాయి. ఒక్కోదాని నెత్తిన ఒక్కో నల్లమబ్బు. ఆకలేసిందని ఆటలో గుర్తు అది.

ఆయన హడావుడిగా ఆటలోని దుకాణానికి పరిగెత్తాడు. తలుపు మీద బోర్డు వేలాడుతోంది. "మేత: నిల్ స్టాక్."

ఆ మాట ఇంకొకడు తనని అనడం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి. ఎంత కోపం వచ్చిందంటే, ఫోనుని మంచం మీదికి విసిరేసి, మళ్ళీ తనే తీసుకుని పగల్లేదు కదా అని చూసుకున్నాడు.

అడిగితే భార్య ఇవ్వకపోదు. అత్తాకోడళ్ళిద్దరూ నవ్వుకుంటూనే ఇస్తారు. ఆ నవ్వే ఆయనకి మింగుడుపడలేదు. అన్నేసి మాటలన్నవాడు ఇప్పుడు గిన్నె పట్టుకుని వెళ్ళడమా? ఛీ. అడుక్కోవడం పరువు తక్కువ పని అనిపించింది. దొంగతనం మాత్రం ఎందుకో అలా అనిపించలేదు.

కంపెనీ పక్క వీధిలోనే కావడంతో మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. ఆ వేళకి భార్య ముందు గదిలో మిషన్ తొక్కుతుంటుంది. లోపల గదిలో తల్లి ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని, ఆడుతూ ఆడుతూ కునుకు తీస్తుంటుంది. ఆయన పిల్లిలా వెళ్ళి టాబ్లెట్ తీసుకున్నాడు.

అందులో తల్లి బొమ్మ పసుపు టోపీ పెట్టుకుని బురుజు పక్కన నిలబడి ఉంది. బురుజులోంచి గడ్డి తీసే అధికారం ఆ బొమ్మకే ఉంది. ఆయన ఆ బొమ్మ చేత మోపు ఎత్తించాడు. కంచెదాకా నడిపించాడు. అక్కడ దింపించి, మళ్ళీ వెనక్కి పంపించాడు. కంచె ఇవతల నుంచి తన ఫోనుతో తను అందుకున్నాడు. నెత్తిన మోపుతో మంచులో తడబడుతూ వస్తున్న ఆ బొమ్మని చూస్తే మనసులో ఎక్కడో ముల్లు దిగింది. 'బొమ్మకి నడుం నొప్పేముంటుంది' అని సర్దిచెప్పుకుని ఇంకో మోపు ఎత్తించాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బోల్టు, నట్టు, వాషరు నిగనిగలాడాయి.

ఓ సాయంత్రం భార్య కెవ్వున అరిచింది.

"అత్తయ్యా! బురుజు ఖాళీ! మన మహారాణి పడుకుండిపోయింది, లేవట్లేదు!"

మహారాణి వాళ్ళ పెద్దావు. అత్తగారు కంగారుగా వచ్చి టాబ్లెట్‌లోకి తొంగిచూశారు.

"నేనేం తియ్యలేదే అమ్మాయ్..."

"మీ పూటలోనే తీసినట్టుందత్తయ్యా. నేను సాయంత్రం తప్ప ముట్టుకోను కదా."

అప్పుడు నిల్‌స్టాకు గారు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు కాబట్టి ఊరుకోలేకపోయాడు.

"ఆడుతూ నిద్రపోతావు కదమ్మా. నిద్రమత్తులో ఏదో నొక్కి ఉంటావు. వయసు మీద పడ్డాక మరుపు మామూలే."

అత్తగారు ఆయన మొహంలోకి చూశారు. "అంతేనంటావా?" అన్నారు మెల్లగా.

"అంతే" అన్నాడు. ఫోను జేబులోకి తోసేశాడు.

ఆ ఒక్క మాట ఆవిడ మీద ఎలా పనిచేసిందో చూడాలి. మాత్ర వేసుకుని, వేసుకున్నానా అని కోడల్ని అడగడం మొదలుపెట్టారు. చేతిరుమాలుకి గుర్తుకోసం ముడి వేసి, ఆ ముడి దేనికోసమో గుర్తురాక ఇంకో ముడి వేశారు. స్టవ్ కట్టేశానో లేదో అన్న భయంతో టీ పెట్టడం మానేశారు. పొద్దున్నే కొడుక్కి ఆవిడ చేతి టీ పడకపోతే ఆఫీసులో పెన్ను కదలదు. అయినా అడగడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

చివరికి ఆవిడ టాబ్లెట్ తెచ్చి కోడలి మిషన్ మీద పెట్టేశారు.

"ఇంక నేను ఆడనే అమ్మాయ్. నా చేతిలో పడితే నీ ఆవులన్నీ చచ్చిపోతాయి. ఇంటి తాళాలు కూడా నువ్వే దాచు. నేను ఎక్కడన్నా పారేస్తాను."

నిల్‌స్టాకు గారు అది విని వంటింట్లోకి వెళ్ళి, అక్కడ పనేమీ లేక, ఉప్పు డబ్బా తీసి పక్కన పెట్టి వచ్చాడు. సిగ్గుతో ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. ఆడుకునే గడ్డి కోసం కన్నతల్లికి లేని జబ్బు అంటగట్టాడు. ఈ మాట ఎవరికి చెప్పుకుంటాడు?

భార్యకే చెబుదామనుకున్నాడు. "ఏమోయ్, అసలు ఆ గడ్డి..." అని మొదలుపెట్టాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మీకెంత బాధగా ఉందో నాకు తెలుసు. ఇలాంటి కొడుకు ఎవరికుంటాడు? రేపు సెలవు పెట్టండి. అత్తయ్యని డాక్టరుకి చూపిద్దాం."

ఇలాంటి కొడుకు అనిపించుకున్నాక నిజం ఎలా చెప్పడం? సెలవు పెట్టాడు.

డాక్టరమ్మ గది మేడ మీద. అత్తగారు మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. లోపల ఫ్యాను గిర్రున తిరుగుతున్నా అందరికీ చెమటలు కారుతున్నాయి.

"మరుపు ఎప్పట్నుంచి?" అని అడిగింది డాక్టరమ్మ.

తల్లి ఏం చెబుతుందో అన్న కంగారులో ఆయనే అందుకున్నాడు. "చలికాలం మొదలైనప్పట్నుంచండీ."

"పోయిన చలికాలమా?"

"కాదండీ, ఇప్పుడు నడుస్తోందే, ఈ చలికాలం."

డాక్టరమ్మ కిటికీలోంచి మండిపోతున్న రోడ్డు వైపు ఒకసారి చూసింది. "మొదట ఏం మరిచిపోయారు?"

"గడ్డి ఏం చేసిందో."

"ఎవరి గడ్డి?"

"ఆవులదండీ. నాకూ మూడున్నాయి. బోల్టు, నట్టు, వాషరు."

"ఎక్కడ కడతారు వాటిని?"

"ఫోనులో."

డాక్టరమ్మ తన కుర్చీని అత్తగారి వైపు నుంచి మెల్లగా ఆయన వైపు తిప్పుకుంది. "ఇవాళ ఏ వారమో చెప్పగలరా?"

"అయ్యో, మరుపు అమ్మకండీ!"

"అలాగే. వారం చెప్పండి."

"బుధ... కాదు, సెలవు పెట్టాను కాబట్టి... ఆది..."

"అదీ స్టాకు లేదండీ" అంది భార్య.

డాక్టరమ్మ మళ్ళీ అత్తగారి వైపు తిరిగి కాగితం తీసుకుంది. "ఎందుకైనా మంచిది, తలకి ఒక స్కాన్ తీయిద్దాం పెద్దమ్మగారూ."

"తీయించండమ్మా" అన్నారు అత్తగారు, చేతిరుమాలు ముడులు తడుముకుంటూ. "నా తల పాడైపోయిందని మా అబ్బాయే చెప్పాడు. వాడు నాతో అబద్ధం చెప్పడు."

అంతే. నిల్‌స్టాకు గారు కుర్చీలోంచి లేచిపోయాడు.

"అమ్మా! గడ్డి తిన్నది నేను!"

డాక్టరమ్మ చెయ్యి టక్కున బెల్లు మీదికి పోయింది.

"అంటే నోటితో కాదండీ!" అంటూ ఆయన ఉన్నదంతా కక్కేశాడు. బురుజు, ఫౌంటెన్, దుకాణం మీది బోర్డు, పసుపు టోపీ బొమ్మ, కంచె. గొంతు ఎంత పెద్దదైపోయిందంటే, బయట వరసలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తలుపు సందులోంచి తొంగిచూడసాగారు. "నీకేం జబ్బు లేదమ్మా. నీ తల మా అందరి తలలకన్నా బాగుంది. నేనే... అడగడానికి నామోషీ వేసి..."

అత్తగారు ముందుగా కోడలి వైపు తిరిగారు.

"చూశావుటే? చెప్తాడని నేను అనలేదూ?"

"ఓడిపోయానత్తయ్యా. స్కాన్ అయిపోయినా చెప్పరనుకున్నాను" అంది కోడలు.

నిల్‌స్టాకు గారు నోరు తెరిచాడు. మూయడం మరిచిపోయాడు.

"నిన్న నువ్వు స్నానం చేస్తుంటే నీ ఫోను మోగిందిరా" అన్నారు అత్తగారు. "తీస్తే నీ ఆవులు కనపడ్డాయి. బురుజు లేనివాడి ఆవులు ఈ చలికాలంలో అంత నునుపు ఎలా తేలాయి? అప్పుడు గానీ నాకు ప్రాణం కుదుటపడలేదు. అంతవరకూ నిజంగానే భయపడ్డానురా. రేపెప్పుడో నీ మొహం కూడా మరిచిపోతానేమోనని, నువ్వు భోజనం చేస్తుంటే కూర్చుని నిన్నే చూసేదాన్ని."

తను భోజనం చేసి చెయ్యి కడుక్కుని వెళ్ళి దొంగిలించింది ఆవిడ ఒళ్ళోంచే.

"మరి నిన్ననే తెలిస్తే... ఇక్కడిదాకా ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు, వినీ వినపడనట్టు.

అత్తగారు డాక్టరమ్మ వైపు కుర్చీ జరుపుకుని కుడికాలు ముందుకి చాపారు.

"ఈ మోకాలమ్మా. మెట్లెక్కలేకపోతున్నాను. చూపించరా అని మా వాడిని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది. ఎప్పుడడిగినా సెలవు నిల్ స్టాక్ అంటాడు. మోకాలంటే దొరకని సెలవు, మతి పోయిందంటే ఒక్కపూటలో దొరికింది."

తలుపు సందులోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఈసారి ఎవరి మీదా కోప్పడలేదు.

డాక్టరమ్మ మోకాలు అటూ ఇటూ వంచి చూసి, మందు రాసి, "పెద్ద సమస్య కాదు. రోజూ సాయంత్రం నెమ్మదిగా కాసేపు నడవాలి. ఒంటరిగా వద్దు. ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపించాలి" అంది.

అత్తాకోడళ్ళిద్దరూ ఆయన వైపే చూశారు. వాళ్ళతోపాటు తలుపు సందులోని తలలన్నీ చూశాయి.

"ఎప్పట్నుంచి మొదలుపెట్టమంటారు?" అన్నాడు నేలని చూస్తూ.

"చలికాలం దాకా ఆగక్కర్లేదు" అంది డాక్టరమ్మ.

తల్లి చెయ్యి చాపింది. ఆయన పట్టుకున్నాడు. ఆ మెట్లన్నీ దిగేదాకా తల ఎత్తలేదు.