చలమయ్య బావ ఎర్ర ట్యాగు

ఆరింటికి ఇడ్లీ, ఏడింటికి ఎయిర్‌పోర్టు, తొమ్మిదింటికి విమానం. ఉమాశంకర్ వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికేమీ లేదు. భీమునిపట్నం చుట్టుపక్కల పెళ్లిళ్లు తీసుకుంటూ కాలక్షేపం చేస్తున్న ఫొటోగ్రాఫరుకి హైదరాబాదు పెళ్లి రావడం ఇదే మొదలు. పెళ్లికూతురి తండ్రి ఒక్కటే షరతు పెట్టాడు: ఊరేగింపుని డ్రోన్‌తో ఆకాశం నుంచి తీయాలి. అది నచ్చితే వాళ్ల బంధువుల పెళ్లిళ్లన్నీ ఇతనివే, లేదంటే ఇదే ఆఖరు.

ఎయిర్‌పోర్టుకి దగ్గరని ముందురోజే కూర్మన్నపాలెంలో అక్క ఇంటికి చేరాడు. సామాను సర్దే బాధ్యత బావ చలమయ్య తన మీదేసుకున్నాడు. ఆయనకి ఉక్కు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఉద్యోగం, ఇరవై మూడేళ్ల సర్వీసు. అక్కడ మరమ్మతులో ఉన్న మిషనుకి ఎర్ర ట్యాగు కడతారు. కట్టినవాడే వచ్చి విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆయన ఈ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చాడు. ఓసారి మిక్సీకి ట్యాగు కట్టి ఊరెళ్తే, అక్క నాలుగు రోజులు రోట్లో పచ్చడి నూరింది.

"బావా, బ్యాటరీలు నా సేతి సంచిలో ఎట్టు. డ్రోన్ పెద్ద పెట్టెలో. రెండూ ఒక్కకాడ ఉండకూడదంట," అన్నాడు ఉమాశంకర్, స్నానానికి వెళ్తూ.

"నాకే సెప్తన్నావేటిరా? కరెంటున్నకాడ మిషనుండకూడదు. నాను సూసుకుంటాను, నువ్వెళ్లు."

ఎయిర్‌పోర్టులో పెట్టె అనుకున్నదానికన్నా తేలిగ్గా తూగింది. బావ పనితనానికి ఉమాశంకర్ మురిసిపోయాడు. ఆ మురిపెం తనిఖీ దాకానే. బ్యాటరీల సంచి తెరవగానే లోపల ఎర్ర ట్యాగు కనిపించింది. 'ప్రమాదం. ముట్టరాదు. చలమయ్య.'

"ఎవరీ చలమయ్య?" అంది నీలిమ అనే సెక్యూరిటీ ఆఫీసరు.

"మా బావండి. జాగ్రత్త ఎక్కువ."

"ఫోన్ చేయండి. స్పీకర్‌లో పెట్టండి."

"ఎవలూ ముట్టుకోకండి!" ఫోనులో చలమయ్య గర్జించాడు. "నానొచ్చీదాకా ఆగండి! ఇప్పితే నానే ఇప్పాలి!"

వెనక వరసంతా పది అడుగులు జరిగింది. ఒకాయన బెల్టు వదిలేసి ప్యాంటు పట్టుకుని పరిగెత్తాడు. ఇంకో పెద్దాయన విమానం వద్దు, రైలే నయమని ప్రకటించాడు. గడియారం ఎనిమిది దాటినట్టు చూపిస్తోంది. ఉమాశంకర్‌కి ఏడుపొక్కటే తక్కువ.

బావమరిదిని దింపి, బయట స్కూటరు దగ్గరే కనిపెట్టుకుని ఉన్న చలమయ్యని పాసు రాసి లోపలికి తెచ్చారు. ఆయన హెల్మెట్ తీయకుండానే వచ్చి, ట్యాగు కత్తిరించి, టైము వేసి సంతకం పెట్టాడు. నీలిమ బ్యాటరీలు చూసింది. కొసలకి టేపు, ఒక్కోదానికి ఒక్కో సంచి.

"సర్, ఇంత పద్ధతిగా సర్దినవాళ్లని నేనింతవరకు చూడలేదు," అంది.

చలమయ్య ఛాతీ ఉబ్బింది. ఉమాశంకర్ ఆఖరి పిలుపుకి పరిగెత్తి, తలుపు మూసేలోగా విమానమెక్కాడు. బావని తిట్టుకున్నందుకు దారంతా సిగ్గుపడ్డాడు.

సాయంత్రం హైదరాబాదులో బ్యాండు మొదలైంది. పెళ్లికూతురి తండ్రి అప్పుడే ఆకాశం వైపు చూసి నవ్వుతున్నాడు. ఉమాశంకర్ పెట్టె తెరిచాడు. చొక్కాల మధ్య డ్రోన్ ఉండాల్సిన చోట ఇంకో ఎర్ర ట్యాగు ఉంది. 'మిషను వేరుగా భద్రపరచబడినది. చలమయ్య.'

వెంటనే ఫోన్ చేశాడు. "బావా, డ్రోన్ ఏదీ?"

"మా బీరువాలో ఉంది, తాళమేసీసాను. రెండూ ఒక్క విమానంలో ఎలాగ పంపుతాన్రా? బ్యాటరీలక్కడ, మిషనిక్కడ. ఇంక ఏటీ అవ్వదు, బెంగెట్టుకోకు."

ఆయన అన్నట్టే, ఆ పెళ్లిలో ఆకాశాన ఏమీ కాలేదు.