అంచు లేని తాతయ్య

ఇంట్లో తాతగారి పటం ఉన్నవారంతా ఇవాళే దాన్ని దింపి, ఫోన్‌తో ఫోటో తీసి, ఇంటర్నెట్‌లో పెట్టండి. మీ తాత ఎవరో మీకేం తెలుసు? అక్కడివాళ్లకు తెలుసు!

మా తాతయ్య దర్జీ. మా మేనత్త గదిలో ఆయన రంగుల పటం ఉంది. మీసం, కోటు, కోటు మీద మూడు పతకాలు. దర్జీకి పతకాలేమిటని ఇన్నేళ్లలో మేమెవరం అడగలేదు. కోటు ఆయనే కుట్టుకున్నాడు కదా, పతకాలు కూడా కుట్టుకుని ఉంటాడనుకున్నాం.

తమ్ముడు ఆ పటం అమ్ముదామన్నాడు. అత్త "నేను పోయాక అమ్ముకోండ్రా" అంది. తమ్ముడు వినలేదు. పదకొండు వేల మంది నిపుణులున్న ఒక గ్రూప్‌లో ఫోటో పెట్టాడు.

అరగంటలో తాతయ్య నౌకాదళాధిపతి అయ్యాడు. "నాకు చిన్నప్పటి నుంచీ నీళ్లంటే భయం లేదు, ఇదన్నమాట సంగతి!" అన్నాడు తమ్ముడు. మధ్యాహ్నానికి ఆయన రాజాస్థాన గాయకుడని తేలింది. మా వంశంలో పుట్టని మరదలు కూడా గొంతు సవరించుకుంది. సాయంత్రం ఒక ప్రొఫెసర్ ఆయన్ను పేరుమోసిన హంతకుడన్నాడు. హంతకుల పటాలకు ధర రెట్టింపట! ఇంట్లో ఎవరూ బాధపడలేదు.

కుట్టుమిషన్ తప్ప మరేదీ నడపని మనిషికి ఒక్కరోజులో ఇంత ప్రమోషన్ ఏ ప్రభుత్వం ఇస్తుంది?

మర్నాడు పటాన్ని ఫ్రేములు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వెనక అట్ట విప్పి భూతద్దం పెట్టాడు.

"ఇది ఫోటో కాదు సార్. చేత్తో వేసిందీ కాదు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద గీసి అచ్చు వేసేవాళ్లు. ఈ చుక్కలు చూడండి. ఇలాంటివి వేలల్లో వచ్చుంటాయి."

అంటే మా తాతయ్య వేల ఇళ్లలో ఉన్నాడు!

"మరి ధర?" అన్నాడు తమ్ముడు.

"కింద అంచు ఏదండీ? బొమ్మలోని మనిషి పేరు, అచ్చువేసినవాళ్ల పేరు, ఏడాది అక్కడే ఉంటాయి. ఎవరో కత్తెరతో తీసేశారు. చెయ్యి తిరిగినవాళ్లే. అంచుంటే అడిగినంత ఇద్దురు. ఇప్పుడు ఫ్రేమే నయం."

తమ్ముడు ఇంటికొచ్చి విచారణ మొదలుపెట్టాడు. ముద్దాయి మొదటి ప్రశ్నకే ఒప్పుకుంది.

"నేనే కోశానురా."

"ఎందుకత్తా?"

"కింద ఎవరిదో పేరుంది. మా నాన్న పేరు కాదుగా మరి!"

తాతయ్య ఫోటో దిగకుండానే పోయాడట. అప్పటికి అత్తకు తొమ్మిదేళ్లు. పాత కాగితాల కొట్లో ఆ మీసం చూసి పటం తెచ్చుకుందట. మేమంతా ఆ తర్వాత పుట్టి, దాన్నే తాతయ్య అనుకున్నాం.

"మీసం ఇంతే. నుదురూ ఇంతే. చెవులు మాత్రం కావు. మా నాన్న చెవులు పెద్దవి. ఎడమ చెవి వెనక ఎప్పుడూ సుద్దముక్క ఉండేది" అంది అత్త.

పటాన్ని మళ్లీ ఆవిడ గదిలోనే తగిలించాం. పరిశోధన విజయవంతమైందనే నా అభిప్రాయం. రాళ్ల సంగతి తెలిసింది. రంగుల సంగతి తెలిసింది. తాతయ్యను కళ్లారా చూసిన మనిషి మా ఇంట్లోనే ఉందని కూడా తెలిసింది. ఆవిడకు ఎనభై రెండేళ్లు. ఏ గ్రూప్‌లోనూ సభ్యురాలు కాదు. అందుకే ఆవిడను అడగాలని ఎవరికీ తోచలేదు.