అత్తగారి ప్రసంగం, కారు రేడియో గరగర

ఆ శనివారం దావీదురాజు వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదిన్నరకు భార్య సుజనతో ఎర్రగుంట్లలో కారులో బయలుదేరాలి. తొమ్మిదింటికి దారిలో, ముందే రికార్డు చేసిన అత్తగారి రేడియో ప్రసంగం వినాలి. రాయచోటి చేరగానే ఆమెను మెచ్చుకోవాలి.

మెచ్చుకోవడంలో పొరపాటు జరగకూడదు. అత్తగారు విశ్వాసమ్మ ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేసిన మనిషి, చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. పోయిన క్రిస్మస్‌కు ఆమె మాట్లాడుతుండగా అల్లుడు కునుకు తీశాడని నాలుగు నెలలు అతనితో మాటలు మానేసింది.

వేంపల్లె దగ్గర రేడియో పెట్టగానే, మూటలో ఎండు చెనిక్కాయలు కుదిపినట్టు గరగరమంది. ఆ గరగర అడుగున ఎవరో ఆడమనిషి గొంతు.

"అమ్మేనా?" అంది సుజన కంగారుగా.

"నాకేం తెలుసు? గొంతు పట్టుకున్నట్టుండాది."

తన ఫోనును అతను ఇంట్లోనే మరిచి వచ్చాడు. సుజన ఫోనులో నాలుగు శాతమే మిగిలింది. దాన్ని కారులోని చవక ఛార్జర్‌కు తగిలించి అరగంటైనా అంకె కదల్లేదు. "అమ్మ ఫోన్ చేస్తే ఎత్తేకైనా ఉండాల," అని ఆమె దాన్ని ముట్టుకోనివ్వలేదు.

వేంపల్లెలో ఓబుళేశు అనే ఆటో ఎలక్ట్రీషియన్ షాపు ముందు కారు ఆగింది. అతను యాంటెనా పీకి, తుడిచి, మళ్లీ పెట్టాడు. గరగర తగ్గలేదు. రేడియోను బయటికి లాగి, వెనక ఉన్న వైర్లలో ఒకటి మరోదానికి తగిలించాడు. హారన్ మోగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. రోడ్డు మీది వాళ్లంతా గుమిగూడారు. టైము తొమ్మిదీ పది.

అప్పుడే సుజన ఫోను మోగింది. ఆమె దాన్ని నిప్పుకణిక అందించినట్టు భర్త చేతిలో పెట్టింది.

"వింటాండారా నాయనా?" విశ్వాసమ్మ గొంతు.

"వింటాండాం అత్తా! ఒక్క మాట కూడా ఇడిసిపెట్టకుండా!"

"ఆ హారనేంది?"

దావీదురాజు జవాబు వెతుక్కునేలోగా, హారన్‌ను మించి వినిపించాలని ఓబుళేశు గొంతు చించుకున్నాడు. "ఇది పనికి రాదప్పా! పీకి బయట పారెయ్యాల!"

ఆ నాలుగు శాతమూ అయిపోయి ఫోను ఆరిపోయింది.

"అయిపాయ," అంది సుజన. "తన ప్రసంగాన్నే అన్యారనుకొనింటాది."

ఓబుళేశు తన లైటును ఆ సాకెట్లో పెట్టుకోవడానికి ఛార్జర్‌ను లాగి పక్కన పడేశాడు. అంతే, గరగర మాయమైంది. హారన్ మోతలోనూ రేడియో గంటలా పలికింది. "ఇంతవరకు శ్రీమతి విశ్వాసమ్మ ప్రసంగం విన్నారు."

"ఛార్జర్ వల్లప్పా ఇదంతా," అన్నాడు ఓబుళేశు తీరిగ్గా, హారన్ వైరు తప్పిస్తూ.

రాయచోటిలో విశ్వాసమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. ముఖం వాడిపోయింది. దారంతా కూడబలుక్కున్న సంజాయిషీని దావీదురాజు మరిచిపోయాడు.

"మీరు చెప్పిన ప్రతి మాటా నిజమే అత్తా," అనేశాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అట్లనొద్దు నాయనా, తప్పు నాదే. ఉదాహరణ చెప్పబోయి నిన్ను ఆ మాట అనేస్తి. తీసెయ్యమని రేడియో వాళ్లకు చెప్పినా, తీయలేదు. పొద్దున్నుంచి నా గుండె దడదడే. ఫోన్‌లో ఆ అరుపు విని, కోపంతో రేడియోనే పీకి పారేస్తాండావనుకొంటి. ఇంక మా గడప తొక్కవనుకొంటి."

సుజన భర్త కాలు గట్టిగా తొక్కింది.

"పోనీలే అత్తా," అన్నాడు దావీదురాజు, ఏమీ అర్థం కాకపోయినా.

"ఎంత ఓర్పు నాయనా నీది!" అంటూ ఆమె లోపలికి పరుగెత్తింది. ఆ మధ్యాహ్నం రెండు కోడికాళ్లూ అతని కంచంలోనే పడ్డాయి.

ఆ మాట ఏమిటో దావీదురాజుకు నేటికీ తెలియదు. అడిగితే, ప్రసంగం వినలేదని తెలిసిపోతుంది.